మీ నాన్నను బడికి వెళ్ళనివ్వు

తెనాలి

చిరంజీవి బాబుకు,

ఈ వయసులో నాన్న సర్కారు బడికి వెళ్ళి పిల్లల చేత చదివించడమేమిటి, హాయిగా ఇంటిపట్టున ఉండమని నువ్వైనా చెప్పు అత్తా అన్నావు. ఆ మాట నేను వాడితో చెప్పను. ఎందుకో ఫోన్‌లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

మీ నాన్న కరెంటాఫీసులో ఉన్నన్నాళ్ళూ ఏ ఫీడరు కింద ఏయే ఊళ్ళున్నాయో, ఏ లైన్‌మన్ ఎక్కడున్నాడో వాడికి కంఠతా ఉండేది. రిటైరయ్యాక గుర్తుపెట్టుకుని తీరాల్సిన సంగతి ఒక్కటీ మిగల్లేదు. మందులు నువ్వు ఆన్‌లైన్లో పంపిస్తున్నావు, బిల్లులు నువ్వే కడుతున్నావు, వంటమనిషిని పెట్టావు. ఇదంతా నీ ప్రేమేనని నాకు తెలుసు, నాయనా. కానీ తన కోసం ఎదురుచూసే మనిషి వాడుండే ఊళ్ళో ఎవరూ లేరు. నాకు భయం అక్కడే.

బడికి వెళ్తే అలాంటివాళ్ళకు మేలేమిటో తెలియడానికి, అమెరికాలో బాల్టిమోర్ నగరంలో జరిగిన పని ఒకటి చెప్తాను. 'ఎక్స్‌పీరియన్స్ కోర్' అని దాని పేరు. అరవై దాటినవాళ్ళు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వారానికి 15 గంటలు వెళ్ళేవారు. మూడో తరగతి దాకా పిల్లల చేత చదివించేవారు, లైబ్రరీ సర్దేవారు, పిల్లలు పోట్లాడుకుంటే సర్దిచెప్పేవారు. ముందుగా శిక్షణ ఉండేది, ఖర్చులకు కొద్దిగా సొమ్ము ఇచ్చేవారు. చేరినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు, అంతంతమాత్రం రాబడి ఉన్నవాళ్ళు.

దీన్ని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షకు పెట్టారు. బుర్ర చురుగ్గా ఉన్నవాళ్ళే ఇలాంటి సేవకు ముందుకొస్తారు కదా, మేలు సేవ వల్లే జరిగిందని ఎలా అనుకోవడం అని నువ్వు అడుగుతావు. న్యాయమైన ప్రశ్న. అందుకే చేరడానికొచ్చిన 702 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును బడులకు పంపారు, రెండో జట్టును పంపలేదు. రెండు జట్లలోనూ కలిపి 111 మందికి మెదడు స్కానింగులు తీస్తూ రెండేళ్ళు గమనించారు. 2015లో ఫలితాలు ప్రకటించారు. బడికి వెళ్ళనివాళ్ళ మెదడు వయసుతోపాటు మామూలుగా కుంచించుకుపోతూ వచ్చింది. వెళ్ళిన మగవాళ్ళలో మాత్రం మెదడు పరిమాణం 0.7 నుంచి 1.6 శాతం దాకా పెరిగింది. ఆడవాళ్ళలోనూ మేలు కనిపించింది, కాకపోతే అంత ఎక్కువ కాదు. మగవాళ్ళకే ఎక్కువ ఎందుకంటే నాకు తోచేది ఒకటే. ఉద్యోగంతోపాటే వాళ్ళకు మనుషులూ పోతారు. ఆడవాళ్ళకు ఇరుగూపొరుగూ, పేరంటాలూ ఎంతోకొంత మిగులుతాయి. ఇది నా ఊహ, పరిశోధకుల మాట కాదు.

111 మంది తక్కువే, ఒప్పుకుంటాను. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళకు ఇది మందని కూడా నేననడం లేదు. అయినా 2025లో వచ్చిన ఇంకో పరిశోధన ఇటువైపే చూపిస్తోంది. అమెరికాలో 30 వేల మందికి పైగా పెద్దవాళ్ళ వివరాలను రెండు దశాబ్దాల పాటు చూస్తే, ఇంటి బయట ఇతరులకు సాయపడేవాళ్ళలో జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించడం 15 నుంచి 20 శాతం నెమ్మదిగా సాగింది. అందుకు వారానికి రెండు నుంచి నాలుగు గంటలు చాలట. ఏదో సంస్థలో చేరక్కర్లేదు, పక్కింటివాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళడం కూడా లెక్కే.

రోజూ పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతున్నాడుగా, చాలదా అన్నావు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఒత్తులు రాని పిల్లను చదివించడమంటే ఏమిటో చెప్తాను విను. ఆ పిల్ల 'అమ్మమ్మ' దగ్గర ఆగిపోతుంది. మనకు నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకోవాలి, తనంతట తనే కూడబలుక్కునేదాకా ఓర్చుకోవాలి. ఇంతలో పక్కవాడు పలక లాక్కుంటాడు, వాడి పేరు గుర్తుతెచ్చుకుని వారించాలి, మళ్ళీ ఏ అక్షరం దగ్గర ఆగామో అక్కడికి రావాలి. నిన్న చెప్పిన తీరు తలకెక్కకపోతే ఇవాళ ఇంకో తీరు వెతకాలి. ఆపుకోవడం, దారి మార్చుకోవడం, ముందుచూపు, ఇవన్నీ మెదడు ముందు భాగం చేసే పనులు. వయసు మీద పడేకొద్దీ మొదట సడలేవాటిలో ఇవే ఉంటాయి. బాల్టిమోర్‌లోనే 17 మంది స్త్రీలతో చేసిన చిన్న పరీక్షలో, బడికి వెళ్ళినవాళ్ళకు ఆర్నెల్లకే ఆ భాగం చురుకు పెరిగినట్టు 2009లో రాశారు. గళ్ళనుడికట్టు మధ్యలో వదిలేస్తే అడిగేవాళ్ళు లేరు. రెండో తరగతి పిల్ల మాత్రం తాతగారు నిన్నెందుకు రాలేదని నిలదీస్తుంది.

నీ బెంగలో నిజం లేకపోలేదు. వాడికి మోకాళ్ళ నొప్పి ఉంది, బయట ఎండ ఉంది. వారానికి రెండు పూటలు చాలు, అదీ ఉదయం వేళ. హెడ్‌మాస్టరుగారితో నేను మాట్లాడతాను, మేడమీది గది వద్దని చెప్తాను. నువ్వొచ్చినప్పుడు వాడికి చెవి పరీక్ష చేయించు. ఫోన్లో మనం రెండుసార్లు చెప్తేగానీ వాడికి అందడం లేదు. పిల్లల సన్నగొంతులు అసలే వినపడవు. కళ్ళజోడు కూడా పాతబడింది.

అక్కడ హైదరాబాదులో పిల్లల బొమ్మల కథల పుస్తకాలు దొరుకుతాయి. పెద్ద అక్షరాలవి, పేజీకి రెండు మూడు వాక్యాలకు మించనివి చూడు. ఒక్కో పుస్తకం ఐదేసి కాపీలు తీసుకో, పిల్లలు గుంపుగా కూర్చుంటే ఒక్కటి చాలదు. డబ్బులు నేనిస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్త