పొట్టతోలు వారు కట్టకు చిన్నోడా

సూర్యాపేట,
శుక్రవారం

చిన్నోడా,

ఫోన్ల మాట్లాడుదామంటే నాకు సగమే వినపడుతున్నది, మిగతా సగం నా భయమే నింపుకుంటున్నది. అందుకే కాయితం పట్టిన. మొన్న కోదాడ నుంచి మీ మేనత్త ఫోన్ చేసి, "నాయినా, నీ మనవడు తుపాకి భుజానేసుకొని మిర్యాలగూడల బండి మీద తిరుగుతున్నడంట" అన్నది. ఆ రాత్రి నాకు బువ్వ లోపలికి పోలేదు. మీ నాయన ఫోటో చూపించినంకనే తెలిసింది, అది కట్టెతో చేసిన భర్మారని, నువ్వు పగలు రైస్ మిల్లుల లెక్కలు రాసి పొద్దుగూకినంక సాయుధ పోరాటం నాటకం ఆడుతున్నవని. సంతోషం బిడ్డా. కానీ ఆ ఫోటోల నాకు తుపాకి ఆనలేదు. దానికి నువ్వు కట్టిన రెగ్జిన్ పట్టీ ఆనింది.

ముందు భయం సంగతి తేల్చుకుందాం. కట్టెదైనా సరే, దాన్ని గోనెసంచిల చుట్టుకొని తీస్కపో. దూరం నుంచి చూసేటోనికి కట్టేదో ఇనుమేదో తెల్వదు. 1959 ఆయుధాల చట్టంల, పంట కాపాడుకునే రైతుకు మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇయ్యాలని ఉన్నది నిజమే. అది అడవిపందుల బాధ పడే రైతుకు, నాటకమోళ్లకు కాదు. "అసలుది తెస్త, సీను పండుతది" అని ఎవడన్న అంటే ఆ మనిషి దగ్గరికే పోకు. ఇంతే, మళ్ల ఎత్తను.

రెగ్జిన్ అంటే ఏంది? పూత పూసిన గుడ్డ. రిహార్సల్ల అది తెగి తుపాకి పక్క పిల్లగాని కాలివేళ్ల మీద పడ్డదట గదా. మీ అత్త ఆ సంగతి కూడ దాచలేదు. పిల్లగాడు నడుస్తున్నడా? వాళ్లింటికి నువ్వే పోయి చూసి రా.

ఇప్పుడు తోలు. మీవోళ్లు ఎవరో "రెగ్జిన్ వద్దంటే చెప్పుల దుకాణంల తోలుముక్క తెస్తం" అన్నరట. వద్దు. తోలంత ఒక్కటి కాదు చిన్నోడా. బర్రెతోలు పరిచి చూస్తే మెడకాడ ముడుతలు, కాళ్లకాడ వంకర, పొట్టకాడ పలచన, సాగుడు. గట్టిదంత వెన్నుకు అటూ ఇటూ. వారు, అంటే తోలు పట్టీ, కోసేది ఆ వెన్ను వెంట, మెడ నుంచి తోక దిక్కు, నిలువుగ. పొట్టతోలు వారు మొదటి రోజు బాగనే ఉంటది, మూడో రోజుకు బెత్తెడు సాగుతది, తుపాకి మోకాలు కొట్టుకుంట వేలాడుతది. చేతుల పట్టుకొని మడిచి చూడు. వీపుతోలైతే మడతకాడ పైపొర బిగిసి ఉంటది. పొట్టతోలైతే నా చెంప లెక్క ముడుతలు పడుతది.

ఇది నేను పుస్తకంల చదివింది కాదు. పదహారేండ్లప్పుడు ఒక కాపాయన మోట బొక్కెనకు అతుకు వేసిన. వీపుతోలు మిగులుతదని ఆశపడి పొట్టముక్క వేసిన. నాలుగో నాడు అతుకు జారి బావిల నీళ్లు బావిలనే, ఎడ్లు మాత్రం ఒగరుస్తున్నయి. మా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి కందిలి పెట్టి, నా కుట్లన్ని ఒక్కొక్కటి విప్పి, ఆరె నా చేతుల పెట్టి పక్కన కూసున్నడు. తెల్లారే దాక కూసున్నడు. కొట్టినా బాగుండు అనిపించింది. 1967ల సాగర్ నీళ్లు ఎడమ కాలువకు వదిలినంక మీ మిర్యాలగూడ దిక్కు మోటలు ఒక్కొక్కటే మూలకు పడ్డయి, మా పని కూడ వాటితోనే పోయింది. ఆ నీళ్ల వడ్లే నువ్వు ఇప్పుడు లెక్కలు రాసేది. నేను ఏడ్వాల్నా నవ్వాల్నా చెప్పు.

మీ నాయనమ్మ ఉంటే ఇప్పుడు నన్ను ఆపేది, "పిల్లగాడు వారు అడిగితే నువ్వు రామాయణం చెప్తవు" అని. ఆమె చేతులు నీకు గుర్తుండవు. తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లల మునిగి మునిగి అరచేతులు ఇటుక రంగుకు తిరిగినయి. లందల సున్నం దాటిన తోలును సంచి లెక్క కుట్టి, చెక్క నింపి, ఆ నీళ్లు పోసి చెట్టుకు వేలాడదీసేది. చుక్క చుక్క కారేది. బతుకమ్మకు పువ్వు తెంపే తంగేడుకే మేము చెక్క కొట్టేది. "పువ్వున్న కొమ్మ జోలికి పోవద్దు" అని ఆమె ఆర్డరు.

ఆ, ఫోటో. నువ్వు పట్టీని గొట్టం చుట్టు తిప్పి, కింద ఉన్న కడ్డీని కూడ కలిపి కట్టినవ్. ఒక్కసారి పేలినంక మళ్ల ఎట్ల దట్టిస్తవు? భర్మారంటే మూతి నుంచి మందు పోసి, పేలిక కుక్కి, గుండ్లు వేసి, ఆ కడ్డీతోని బిగించేది. కడ్డీ బయటికి రాకపోతే అది ఉత్త దుడ్డుకర్రనే. మీ ముత్తాత దగ్గరికి ఒక రాత్రి మునగాల దిక్కు నుంచి ఒకాయన వచ్చిండట. మునగాల పరగణా అప్పట్ల కృష్ణా జిల్లా కింద ఉండేది, చుట్టూ నిజాం రాజ్యం, అందుకని దళాలోళ్లకు అది నీడ. ఆయన భర్మారుకు గోనె పేడు కట్టుకున్నడు, భుజం కోసుకపోయి ఉన్నది. మా నాయన పేరు అడగలేదు. "నింపినంక మూతి ఎటు పెట్టి మోస్తవు?" అనే అడిగిండట. మూతి కిందికి పెడితే గుండ్లు జారుతయి. అందుకని పై ఉచ్చు గొట్టానికి మాత్రమే, కడ్డీ మీదికి రాకుండ వేసిండు. కింది ముడి మడమకాడ వేసిండు, టోపీ పేలే కాడ కాదు, నిప్పు ఎగిరేది అక్కడనే గనుక. సైజు మూడు మూరలు, వెడల్పు రెండు వేళ్లు, మందం రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత.

రాజక్క వేషం వేసే పిల్లకు మాత్రం మూడు మూరలు ఎక్కువైతది, ఆమె భుజానికి కొలిచి కొయ్యి. రాజక్కంటే మల్లు స్వరాజ్యమే, మన కరివిరాల కొత్తగూడెం బిడ్డ. ఆమె తల మీద పదివేలు పెట్టినా దొరకలేదు. 2022ల పోయింది గాని ఆమెను చూసిన కండ్లు సూర్యాపేటల ఇంకా ఉన్నయి. వాళ్ల ముంగట తప్పు వారు వేసుకొని నిలబడకు.

చేసేది కష్టం కాదు. రంపెతో ఒక్క ఊపుల కొయ్యి, ఆగి ఆగి కోస్తే అంచు పండ్లు పెడుతది. తడిపి, ఒక కొసకు రాయి కట్టి రాత్రంత వేలాడదియ్యి, సాగాల్సింది ఇంట్లనే సాగిపోవాలె. దారానికి మైనం పట్టించి రెండు కొసలకు రెండు సూదులు ఎక్కించు. ఒక్క బెజ్జంల నుంచే రెండూ ఎదురెదురుగ పోవాలె, ఒక దారం తెగినా రెండోది పట్టుకుంటది. బకిల్ వద్దు, చప్పుడైతది. చివరికి గోరువెచ్చని ఆముదం, కొద్దిగ, గుడ్డతోని. మళ్ల చెప్తున్న, పొట్టతోలు వద్దు. పొట్ట అంటే గుర్తొచ్చింది, మెస్సుల పెరుగు వేస్తున్నరా? మొహం లాగిపోయింది ఫోటోల.

తోలు కొనకు. అటక మీద మా నాయన నాటి పలక ఒకటి ఉన్నది, ఏటా దసరాకు ఆముదం రాస్తున్న, ఇంకా మెత్తగనే ఉన్నది. ఆదివారం పొద్దుగాల మిర్యాలగూడ బస్సుల తెలిసినాయన వస్తున్నడు, చుట్టి పంపుతున్న. మధ్యల సుద్దతోని గీత గీసిన, అది వెన్ను. ఆ గీత పక్కనే కొయ్యి. ఆరె కూడ పెట్టిన. మొన నేనే నూరిన, నువ్వు ముట్టకు. పిడి వదులుగ ఉన్నదని కొత్తది వెయ్యకు, మీ ముత్తాత వేళ్లకు అరిగిన పిడి అది.

సూర్యాపేటల ఆడే రోజు నాకు ముందు వరసల కుర్చీ వేయించు. మాటలు వినపడవు గాని వారు కనపడుతది.

మీ తాత