గాడిదకు గంత కట్టించిన తల్లి

చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 4:8–37, మార్కు 5:21–43, యోహాను 4:46–54



షూనేము ఊరి కథ మనలో తెలియనివారు లేరు. ప్రవక్త కొరకు మేడమీద గది కట్టించిన ఘనురాలు, ఆమెకు లేక లేక కలిగిన కుమారుడు, వాని మరణము, వాడు ఏడు మారులు తుమ్మి కన్నులు తెరచుట, ఇవన్నియు ఆదివారపు బడిలోనే నేర్చుకొన్నాము. అయితే ఎలీషాను గూర్చి ఎంతయో చెప్పుకొందుము గాని, ఆ తల్లి ఆ మధ్యాహ్నము చేసిన పనులను ఒక్కొక్కటిగా చూచుట తక్కువ. ఈ నెల పాఠములో ఆమెనే చూతము. ఎదిగిన బిడ్డ ఉన్నట్టుండి ఛాతీ పట్టుకొని నొప్పి అని కూలబడినప్పుడు కన్నవారు ఏమి చేయవలెనో ఆమె నడవడిలో మనము నేర్చుకొనవలసినది చాల గలదు.

కోతకాలము. తండ్రి కోత కోయువారితో చేనిలో నుండగా పిల్లవాడు అక్కడికి పోయెను. అక్కడనే తలనొప్పితో కేకవేసెను. తండ్రి ఏమి చేసెను? పనివానిని పిలిచి, వీనిని తల్లియొద్దకు ఎత్తికొని పొమ్మనెను. తాను వెంట వచ్చినట్టు వ్రాయబడలేదు. మన తండ్రులు ఇక్కడ కొంచెము ఆగి చదువవలెను. వరికోతల దినములలో, మిరపకాయలు ఏరించు దినములలో, కూలీలు చేనిలో నుండగా పిల్లవాని నొప్పి చిన్నదిగానే కనబడును. ఆ తండ్రి కఠినుడు కాడు. పనిలో మునిగినవాడు, అంతే. మనమును అంతే.

తల్లి బిడ్డను తొడమీద నుంచుకొని మధ్యాహ్నమువరకు కూర్చుండెను. వాడు చనిపోయెను. అప్పుడైనను ఆమె వీధిలోనికి వచ్చి గోలచేయలేదు. బిడ్డను ప్రవక్త మంచముమీద పరుండబెట్టి తలుపు వేసి, ఒక పనివానిని, ఒక గాడిదను పంపుమని పెనిమిటికి కబురు చేసెను. అమావాస్యయు విశ్రాంతిదినమును కాని ఈ నాడు ప్రయాణమెందుకని ఆయన అడిగెను. ఆమె వాదము పెట్టుకొనలేదు. గాడిదకు గంత కట్టించి, నేను చెప్పినగాని వేగము తగ్గింపవద్దని పనివానికి ఆజ్ఞాపించి బయలుదేరెను. షూనేమునుండి కర్మెలు కొండకు రమారమి 25, 30 కిలోమీటర్ల దారి. కోతకాలపు ఎండ. దారిలో గేహజీ ఎదురు వచ్చి క్షేమమా అని అడిగినప్పుడు కూడ ఒక్క మాటతో ముగించి ముందుకు సాగెను. సహాయము చేయగలవాని పాదములు పట్టుకొను వరకు ఆమె నోరు తెరచి తన దుఃఖము చెప్పలేదు. గేహజీ చేత దండము పంపిన తరువాత కూడ, నీవు రానిదే నేను కదలనని ఎలీషాను పట్టుకొన్నది ఆమెయే.

మన ఊళ్లలో జరుగునది వేరు. సాయంకాలము కబడ్డీ ఆడుచున్న పదునైదేండ్ల పిల్లవాడు ఛాతీ పట్టుకొని కూర్చుండును. ఒకరు వాయువు అనుచు సోడా తెప్పింతురు. మేనత్త దిష్టి తగిలినదని ఉప్పు మిరపకాయలు తిప్పును. మరియొకరు వాము నమిలింతురు. ఆ పిమ్మట ఆర్.ఎం.పి. డాక్టరుకు కబురు పోవును. ఆయన పొరుగూరిలో నుండును. వచ్చి ఒక ఇంజెక్షను చేసి, ఉదయమునకు తగ్గకుంటే పట్నమునకు తీసికొని పొమ్మనును. అప్పటికి రాత్రి పది గంటలు. ఆర్.ఎం.పి.ని నేను నిందించుట లేదు. అర్ధరాత్రి పిలిచినను వచ్చువాడు ఆయన ఒక్కడే. అయితే ఇటువంటి సమయమున ఆయనను అడుగవలసినది సూది కాదు, బండి.

ఒక నిజము చెప్పవలెను. ఈ వయస్సు పిల్లలకు వచ్చు ఛాతీ నొప్పులలో ఎక్కువ భాగము గుండెవి కావు. బరువు మోయుటచేత కండరములు పట్టుట, పక్కటెముకల కీళ్లు వాచుట, విడువని దగ్గు, కడుపులో పులుపు, పరీక్షల భయము, ఇవే సాధారణ కారణములు. మరి తొందర ఎందుకు? ఏ నొప్పి ఏదో మంచము ప్రక్క కూర్చున్న తల్లికిగాని, చుట్టును చేరిన ఇరుగుపొరుగువారికిగాని తెలియదు గనుక. తేల్చుట వైద్యుని పని. చేర్చుట మన పని.

కొన్ని గురుతులు కనబడినప్పుడు ఒక్క నిమిషమైనను ఆలోచింపరాదు. పరుగెత్తుచుండగా గాని ఆటలో గాని నొప్పి పుట్టుట, నొప్పితోపాటు సొమ్మసిల్లుట, ఆయాసము, పెదవులు నీలిరంగు తిరుగుట, చల్లని చెమటలు, గుండె దడదడ కొట్టుకొని ఆగకుండుట. ఇంటివారిలో ఎవరైన చిన్నవయస్సులో కారణము తెలియకుండ హఠాత్తుగా చనిపోయియుండిన యెడల అది మరింత గట్టి హెచ్చరిక. కొందరికి పుట్టుకతోనే గుండె కండరము మందముగా నుండును. అది తండ్రి నుండిగాని తల్లి నుండిగాని బిడ్డకు రాగలదు, ఆటపాటలలోనే బయటపడును. సన్నగా పొడుగ్గా ఎదిగిన మగపిల్లలకు ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తి నుండి గాలి బయటికి కారి, ఆ తిత్తి ముడుచుకొని పోవును. ఒక ప్రక్కనే పొడిచినట్టు నొప్పి, ఊపిరి అందకపోవుట దాని గురుతు. జ్వరము తగ్గిన కొన్ని దినములకు నొప్పి, నీరసము, ఆయాసము వచ్చినచో గుండె కండరము వాచియుండవచ్చును.

మన పల్లెలకు చెందినది ఇంకొకటి గలదు. గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారములకు జ్వరము, ఒక కీలు తరువాత మరియొక కీలు వాచి నొప్పి పుట్టుట. డాక్టర్లు దీనిని రుమాటిక్ జ్వరమందురు. ఎక్కువగా అయిదు మొదలు పదునైదేండ్లలోపు పిల్లలకు వచ్చును. ఇరుకు ఇండ్లలో, ఒకే చాపమీద నలుగురు పండుకొను చోట్ల ఆ గొంతు జబ్బు సులభముగా అంటుకొనును. కీళ్లనొప్పులు పోవును గాని గుండె కవాటములను చెరిపి పోవచ్చును. అట్టి పిల్లలకు మూడు లేక నాలుగు వారములకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షను ఏండ్ల తరబడి ఇప్పించవలసి యుండును. బిడ్డ బాగుగా ఆడుకొనుచున్నాడని మధ్యలో మానివేయు తల్లిదండ్రులు అనేకులు. మానవద్దు. ఆ సూది జరిగిన కీడును సరిచేయుటకు కాదు, మరల జరుగకుండుటకు.

పొలములో ఎఱ్ఱతేలు కుట్టిన పిల్లలకు కూడ చెమటలు, వాంతులు, ఆయాసము, ఛాతీలో బరువు కలుగును. ఆ విషము గుండెను, ఊపిరితిత్తులను పట్టును. మహారాష్ట్రలోని మహాడ్ ఊరిలో పనిచేయు డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ ప్రజోసిన్ అను మాత్రతో అట్టివారిని కాపాడవచ్చునని 1980ల నాటినుండి చూపించుచు వచ్చెను. కావున తేలు మంత్రము కొరకు గాలించుచు తిరుగు ఆ గంట ప్రాణము తీయగలదు.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పవలసి వచ్చుట విచారకరము. అబ్బాయి నొప్పి అన్నప్పుడు బండి వెదకుదురు. అమ్మాయి అన్నప్పుడు, అన్నము తినలేదు, బడికి పోనొల్లక నటించుచున్నది, పెండ్లికావలసిన పిల్ల, నలుగురికి తెలిసిన యెడల ఎట్లు, అందురు. యాయీరు కుమార్తె వయస్సు పండ్రెండేండ్లు. సమాజమందిరపు అధికారియైన ఆ తండ్రి జనుల యెదుటనే యేసు పాదములమీద పడి తన చిన్న కుమార్తె కొరకు బహుగా బతిమాలెను. ఆయన తన గౌరవము చూచుకొనలేదు, ఆడపిల్లయే గదా అనుకొనలేదు, మరియొకని పంపలేదు. చేనిలో నిలిచిపోయిన షూనేము తండ్రికిని ఈ తండ్రికిని గల భేదము మీరే చూడుడి.

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న వేయుదురు. ఆసా రాజు యెహోవాను విచారింపక వైద్యులను నమ్మెనని 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయములో నున్నది గదా, ఆసుపత్రికి పోవుట అవిశ్వాసము కాదా? ఆ అధ్యాయమును మొదటినుండి చదువుడి. ఆసా అంతకుముందే దేవుని విడిచి సిరియా రాజును ఆశ్రయించెను, గద్దించిన దీర్ఘదర్శిని చెరలో వేయించెను. వైద్యుని పిలుచుట అతని తప్పు కాదు, దేవుని వైపు మరలకుండుటయే తప్పు. బ్రదుకుదువని దేవుని మాట పొందిన తరువాత కూడ హిజ్కియా పుండుమీద అంజూరపు ముద్ద కట్టించినవాడు యెషయా ప్రవక్తయే. పౌలు వెంట నడచిన లూకా వైద్యుడు. యాకోబు తన పత్రికలో పెద్దలను పిలిపించి ప్రార్థన చేయించుమని చెప్పెను, నిజమే. బండి వచ్చులోగా పెద్దలు ప్రార్థింపవచ్చును, బండిలో కూర్చుండి ప్రార్థింపవచ్చును. బండిని ఆపి ప్రార్థింపుడని యాకోబు ఎక్కడను చెప్పలేదు.

మన తెలుగు సంఘముల చరిత్రలో ప్రార్థనయు వైద్యమును ఎన్నడును వేరుగా నడువలేదు. 1883లో డాక్టరు అన్నా కుగ్లర్ అను లూథరన్ మిషనెరీ గుంటూరునకు వచ్చిరి. ఆమె పాటుపడి కట్టించిన ఆసుపత్రి 1898లో తెరవబడెను. ఆ నాడు మన ముత్తవ్వలను ఎడ్లబండ్లమీద దినమంతయు మోసికొని పోయి అటువంటి ఆసుపత్రులలో చేర్చిరి. ఎడ్లబండికి ఉన్న తొందర ఇప్పటి కారునకు లేకుండుట వింత.

ఇప్పుడు చేయవలసిన పని. 108కి ఫోను చేయుడి. ఇది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన సేవ, డబ్బు అడుగరు. మీ ఊరికి బండి ఆలస్యమగునని తెలిసినచో చేతికందిన ఆటోగాని కారుగాని తీసికొనుడి. బిడ్డను నడిపింపవద్దు, మోటారు సైకిలుమీద ఇద్దరి నడుమ కూర్చుండబెట్టవద్దు. ఏ తీరున కూర్చుండిన ఊపిరి సుఖముగా ఆడునో ఆ తీరున ఉండనిండు. తాతగారికి ఇచ్చిన నాలుక క్రింద పెట్టు మాత్రను బిడ్డకు పెట్టవద్దు. అది రక్తపోటును పడవేయగలదు. నొప్పి ఎప్పుడు మొదలైనది, అప్పుడు ఏమి చేయుచుండెను, సొమ్మసిల్లెనా, ఈ నెలలో జ్వరము వచ్చెనా, ఏ మందులు మింగెను, ఇవి దారిలోనే గురుతు చేసికొనుడి. పొగాకుగాని, మరేదైన మందుగాని తీసికొనెనా అని మెల్లగా అడుగుడి. కోపపడిన యెడల బిడ్డ దాచును, దాచిన మాట డాక్టరుకు కావలసిన మాటయే కావచ్చును.

ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయుదురు. కొన్ని నిమిషముల పని, నొప్పి యుండదు. ఛాతీకి ఎక్స్‌రే, రక్తపరీక్ష కూడ అవసరము కావచ్చును. మొదటి ఇ.సి.జి. బాగున్నదని చెప్పినను, ఆటలో సొమ్మసిల్లిన సంగతి వారికి తప్పక చెప్పుడి. కొన్ని గంటలు ఉంచవలెనన్నచో ఉండుడి. రేషను కార్డు, ఆధార్ కార్డు చేతికందినచో తీసికొని పోవుడి, వాటి కొరకు పెట్టెలు వెదకుచు నిలువవద్దు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకముల క్రింద గుండె ఆపరేషనులు పేదలకు జరుగుచున్నవి. ప్రాణాపాయములో నున్నవానికి వైద్యము చేయుట ప్రతి వైద్యుని విధియని సుప్రీం కోర్టు 1989లోనే తీర్పు చెప్పెను. గేటు దగ్గర డబ్బు మాట వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసియుండుట మంచిది.

బిడ్డ పడిపోయి పలుకక, ఊపిరి సరిగా తీయకుండిన యెడల, ఛాతీ నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి ఉంచి, సుమారు 5 సెంటీమీటర్లు దిగునట్లు, నిమిషమునకు 100 మొదలు 120 మారులు గట్టిగా నొక్కుచుండవలెను. సహాయము వచ్చువరకు ఆపరాదు, అలసినచో మరియొకరు అందుకొనవలెను. ఎలీషా బిడ్డ నోటిమీద నోరుంచిన సంగతిలో ఈ పద్ధతి ఉన్నదని కొందరు బోధించుదురు. నాకు అది బలవంతపు అర్థముగానే తోచుచున్నది. అక్కడ వ్రాయబడినది దేవుని కార్యము, ఇక్కడ మనము చేయవలసినది మన చేతుల పని.

కపెర్నహూము అధికారి కానా ఊరికి కొండ ఎక్కి పోయి, తన కుమారుడు చావక మునుపే రమ్మని ప్రభువును వేడుకొనెను. మాట నమ్మి తిరిగి పోవుచుండగా దారిలోనే శుభవార్త విన్నాడు. అందరును అట్టి వార్త వినరు. వేగముగా పోయి, ప్రార్థించి, చేయవలసినదంతయు చేసియు బిడ్డను పోగొట్టుకొన్న కుటుంబములు మన సంఘములలో నున్నవి. వారితో విశ్వాసము చాలలేదని ఎవరును అనరాదు. షూనేము తల్లి గంత కట్టించిన నాటికి బిడ్డ చనిపోయియే యుండెను. ఆమె ప్రయాణమును వ్యర్థమని వాక్యము ఎక్కడ పలికినది?

ఈ నెల స్త్రీల సమాజపు కూటములో ఈ సంగతులు మాటలాడి తేల్చుకొనుడి. రాత్రివేళ ఇ.సి.జి. తీయు ఆసుపత్రి మనకు ఏది దగ్గర? అర్ధరాత్రి పిలిచినచో ఎవరి ఆటో కదలును, వారి ఫోను నంబరు ఏమి? తల్లిదండ్రులు ఆసుపత్రిలో నుండగా మిగిలిన పిల్లలకు అన్నము పెట్టువారెవరు, పాలు పిదుకువారెవరు? తేలిన పేర్లు, నంబరులు పెద్ద అక్షరములతో వ్రాసి మందిరపు తలుపు లోపలి వైపున అంటించుడి. ఛాతీ నొక్కు పద్ధతిని యౌవనస్థుల కూటమునకు నేర్పుటకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరునుగాని నర్సునుగాని ఒక ఆదివారము సాయంకాలము ఆహ్వానింపుడి. నేర్చుకొనుటకు మెత్తని దిండు చాలును.