సాలెపురుగు కాటు – పాముకాటు సూది

ప్రశ్న: మేము వరంగల్లు జిల్లావారము, సూరతు చెంత సచిన్‌లో సాంచాలు నడుపుకొని బ్రతుకుచున్నాము. మొన్న నూలుమూటల సందున చేయి పెట్టగా మా తమ్ముని వ్రేలిని సాలెపురుగు కరచినది. వ్రేలు వాచి రాత్రియెల్ల సలిపినది. పాముకాటు సూది వేయింపుమని కొందరు, ఆస్ట్రేలియా మందు తెప్పింపుమని కొందరు చెప్పుచున్నారు. ఏది చేయవలెను?
– ఒక నేత కార్మికుడు, సచిన్

జవాబు: ముందుగా మీ తమ్మునికి ధైర్యము చెప్పుడు. ఇండ్లలోను కార్ఖానాలలోను గూడు కట్టుకొను సాలెపురుగులలో అత్యధికము మనుష్యునకు ప్రాణహాని చేయజాలనివి. పాముకాటు సూది మాత్రము వలదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషములను గుఱ్ఱములకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాని రక్తమున జనించిన ప్రతిరక్షకములను వేఱుపఱచి చేసిన ఆ మందు సాలెపురుగు విషమును తాకనైన తాకదు. సరికదా, గుఱ్ఱపు మాంసకృత్తులు పడనివారికి ఊపిరాడక ప్రాణము మీదికి వచ్చుటయు కలదు. ఒక ప్రతివిషము సర్వవిషములను హరించునను భ్రాంతి పండితులకును కలిగినదే. నాగుపాము విషముతో సీరమును సిద్ధపఱచిన ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ అది పాములన్నిటికి చాలునని తలచెను. ఆస్ట్రేలియాలో మార్టిన్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి, అక్కడి పాములకది చాలదని నిరూపించెను.

అయినను మీ రెండవ మాటలో ఒక సత్యము దాగియున్నది. ప్రతిరక్షకము పురుగు పేరును చూడదు, విషకణపు ఆకృతిని చూచును. ఒకే కొలతకు చేసిన నాడె, సాంచా ఎవరిదైనను, అందు నడచునట్లు. ఆస్ట్రేలియాలో ఎఱ్ఱవీపు సాలెపురుగు విషముతో గుఱ్ఱములయందు తయారై 1956లో వాడుకకు వచ్చిన మందు, దాని సోదరజాతులగు ఇతర లాట్రోడెక్టసుల విషమును, కొంత దూరపు చుట్టమైన స్టియటోడా విషమును గూడ అణచుటకు కారణము, వానియందలి ముఖ్యవిషములు ఒకదానినొకటి పోలియుండుటయే. సిడ్నీ గరాటుగూటి సాలెపురుగు విషముతో కుందేళ్ళయందు చేసి, 1981లో తొలిసారి రోగికిచ్చిన మందు, హాడ్రొనికీ అను వేఱు ప్రజాతి కాటునకును పనిచేయుచున్నది. ఈ బాంధవ్యము తెగినచోట మందును వ్యర్థమే: ఎఱ్ఱవీపు మందు గరాటుగూటి దానికి పనికిరాదు. మన రాయలసీమలోని గుత్తి పేరు మోసి, 1899లో పోకాక్ వర్ణించిన నీలి సాలెపురుగు ప్రజాతికి చెందినవాని కాటునకు కండరములు దినముల తరబడి కొంకరలు పోవచ్చును. దానికి ప్రత్యేకమైన ప్రతివిషము లేదు, నొప్పికిని కొంకరలకును చేయు వైద్యమే వైద్యము.

ఎఱ్ఱవీపు మందు మహిమయు ఇప్పుడు సందేహాస్పదమైనది. 2014లో ప్రకటితమైన పరీక్షలో 224 మంది రోగులలో కొందరికి మందును, కొందరికి ఉత్త ద్రవమును ఇచ్చి చూడగా, నొప్పి తగ్గుటలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కావున దూరదేశపు సీసాకై అప్పు చేయవలదు.

కాటును సబ్బునీట కడిగి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పైన ఉంచి, ధనుర్వాతపు సూది వేయింపుడు; కోయుట, కట్టు బిగించుట కూడదు. వాపు ప్రాకినను, జ్వరము వచ్చినను వైద్యునికి చూపుడు. కరచినదానిని కన్నులార చూడక సాలెపురుగని తలచితిరేని, ఒక్కటి మఱవకుడు: కట్లపాము కాటు నొప్పిలేకయే, గుర్తైనను కానరాకయే యుండవచ్చును. కనురెప్పలు వాలినను, మ్రింగుట కష్టమైనను, తెల్లవారువఱకు వేచియుండక ఆ క్షణమే 108కు ఫోను చేసి పెద్దాసుపత్రికి కొనిపోవుడు. పాముకాటు సూది అప్పుడు కావలెను.