బోధకునికి బాసట

ఆంధ్ర మహాభారత రచనకు పూనుకొన్న నన్నయ భట్టారకుడు అవతారికలోనే ఒక ఋణం తీర్చుకొన్నాడు. భారత యుద్ధంలో అర్జునునికి శ్రీకృష్ణుడు తోడ్పడినట్లు ఈ మహాకార్యంలో తనకు నారాయణభట్టు తోడ్పడినాడని కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు. అర్జునుని విల్లు అర్జునుడే ఎక్కుపెట్టాడు. కృష్ణుడు పగ్గాలు పట్టాడు. రాజరాజనరేంద్రుడు పనిని అప్పగించి కొలువులో గౌరవమిచ్చాడు. సహాధ్యాయి అయిన పండితుడు పక్కన నిలిచాడు. ఒక రచయితకు కావలసిన ఆశ్రయమూ తోడూ ఆ విధంగా సమకూరాయి.

పాఠశాలలో బోధకునికి ఈ రెండింటినీ సమకూర్చవలసినవాడు ప్రధానోపాధ్యాయుడు. మీరు పదేళ్లు బడిలో గడిపి కళాశాలకు వచ్చారు. మీ గురువులను నల్లబల్ల ముందు చూశారు. వారు ఎక్కడ కూర్చొని నోటుపుస్తకాలు దిద్దేవారో, ఏ వేళ భోజనం చేసేవారో, ఎవరి మాటకు నొచ్చుకొనేవారో మీకు తెలిసే అవకాశం తక్కువ. తరగతి గదిలో మీకు అందిన పాఠం బాగోగులు చాలావరకు ఆ కనిపించని భాగం మీదనే ఆధారపడి ఉంటాయి.

ముందుగా కాలం సంగతి చూద్దాం. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయునికి వారానికి కనీసం 45 పనిగంటలు నిర్ణయించింది. ఆ గంటలలో పాఠానికి సిద్ధపడే సమయం కూడా చేరి ఉన్నదని చట్టమే స్పష్టంగా చెప్పింది. ఈ చిన్న మాటను చాలామంది గమనించరు. ఒక ఉపాధ్యాయుడు అయిదు సెక్షన్లకు బోధిస్తున్నాడనుకొందాం. సెక్షనుకు 40 మంది చొప్పున 200 నోటుపుస్తకాలు. ఒక్కొక్క పుస్తకానికి మూడు నిమిషాలు కేటాయించినా పది గంటలు పడుతుంది. తీరిక పీరియడ్లన్నీ సెలవు పెట్టినవారి తరగతులకే పోతే, ఆ పది గంటలు ఇంటి నుండి, నిద్ర నుండి తీసికొనవలసినవే.

నేను కళాశాలకు రాకముందు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా పనిచేశాను. అక్కడ ఎవరు సెలవు పెట్టినా ఆ తరగతికి నన్నే పంపేవారు. కారణం వేరే లేదు. అందరిలో చిన్నవాణ్ణి, ఎదురుచెప్పనివాణ్ణి. ఆ ప్రధానోపాధ్యాయుడు చెడ్డవాడు కాడు. ఎదురుగా కనిపించినవాణ్ణి పిలవడం ఆయనకు అలవాటు. అంతకన్నా బాధ కలిగించిన అలవాటు మరొకటి ఉండేది. ఒకనాడు ఎవరో తండ్రి ఫిర్యాదు చేశాడని, మా గణితోపాధ్యాయుణ్ణి తొమ్మిదో తరగతి పిల్లల ఎదుటనే మందలించాడు. మరునాటి నుండి ఆ తరగతిలో ఆయన గొంతు తగ్గింది, పిల్లల గొంతు పెరిగింది. లెక్కలు చెప్పడంలో జిల్లాలో పేరున్న మనిషి ఆ వేసవిలోనే బదిలీ కోరుకొని వెళ్లిపోయాడు. నష్టపోయినది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. ఆ యేడు పదో తరగతికి వచ్చిన పిల్లలకు దసరా దాటేవరకు లెక్కల మాస్టారు లేడు.

తరువాత వచ్చిన ప్రధానోపాధ్యాయులు మాటలు తక్కువ మనిషి. వచ్చిన వారం రోజులకు ఒక పాత హాజరుపట్టీలో మిగిలిన కాగితాల మీద గీతలు గీయించారు. ఎవరి తీరిక పీరియడు ఏ రోజు ఎవరికోసం తీసికొన్నారో అందులో వ్రాసేవారు. ఎక్కువ గీతలు పడినవారిని మరునాడు పిలిచేవారు కాదు. తల్లిదండ్రులు ఫిర్యాదుతో వస్తే తమ గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి పూర్తిగా వినేవారు. ఉపాధ్యాయుణ్ణి మాత్రం బడి విడిచిన తరువాత ఒంటరిగా పిలిచి అడిగేవారు. తప్పుంటే గట్టిగానే చెప్పేవారు. ఆ సంభాషణ ఆ గది దాటి వచ్చినట్లు మేమెన్నడూ వినలేదు.

ఆ బడిలో నలుగురు ఉపాధ్యాయినులు ఉండేవారు. వారు ఉదయం ఇల్లు విడిచిన తరువాత సాయంకాలం దాకా మంచినీళ్లు ముట్టేవారు కాదని మాలో ఎవరికీ తెలియదు. కారణం చెప్పుకొనడానికి కూడా సంకోచించదగినది: వారికి ప్రత్యేకమైన మరుగుదొడ్డి లేదు. కొత్త ప్రధానోపాధ్యాయులు వారిలో పెద్దావిడను, “అమ్మా, ఈ బడిలో మీకు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉన్నది ఏమిటి?” అని అడిగారు. అప్పుడు గాని ఆ మాట బయటికి రాలేదు. ఏళ్ల తరబడి ఎవరూ అడగలేదు గనుక ఎవరూ చెప్పలేదు. ఆ సంవత్సరం పాఠశాల నిధిలో మొదటి ఖర్చు దానికే జరిగింది.

అడగడం అన్న మాట రాగానే మన భాషాచరిత్రలో ఒక ఘట్టం గుర్తుకు వస్తుంది. 1907 ప్రాంతంలో విశాఖపట్నం ప్రాంతానికి పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, బడిలో చెప్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి, విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు, ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను పట్టించుకొన్నారు. వ్యావహారిక భాషోద్యమానికి అది ఒక ప్రేరణ అయింది. అధికారి తనిఖీకి వచ్చి లోపాలు వ్రాసుకొని పోవడం సామాన్యం. అతడు ప్రశ్న అడిగి, బోధించేవారి సమాధానం వినడం అరుదు. గిడుగువారి వంటి ఉపాధ్యాయునికి అంతకుమించిన ప్రోత్సాహం మరేముంటుంది?

అన్నీ ప్రధానోపాధ్యాయుని చేతిలో ఉండవు. ఖాళీలు భర్తీ చేసేది ఆయన కాదు. జనాభా లెక్కలకు, ఎన్నికలకు, విపత్తు సహాయానికి ఉపాధ్యాయులను వినియోగించుకొనడానికి విద్యాహక్కు చట్టమే అవకాశమిచ్చింది; ఇతర బోధనేతర విధులను నిషేధించింది. పై నుండి వచ్చే నివేదికలను అందరికీ సమంగా పంచడం, అడిగిన సమాచారమే మళ్లీ అడిగినప్పుడు కార్యాలయం నుండే పంపించడం ఆయన చేయగల పనులు. జీతం బిల్లు, ఇంక్రిమెంటు, వైద్య ఖర్చుల బిల్లు సకాలంలో ట్రెజరీకి పంపడం కూడా అంతే. బిల్లు నెల ఆలస్యమైతే గుమాస్తా తప్పని అనుకొంటాం గాని, సంతకం పెట్టేవారు అడిగి ఉంటే అది ఆలస్యమయ్యేది కాదు. 2020 జాతీయ విద్యావిధానం ఉపాధ్యాయులకే గాక ప్రధానోపాధ్యాయులకు కూడా ఏటా 50 గంటల వృత్తి శిక్షణ అవసరమని చెప్పింది. నాయకత్వం కూడా నేర్చుకొనవలసిన విద్యయే అన్న గుర్తింపు అందులో ఉన్నది. ఇక ఏకోపాధ్యాయ పాఠశాలలో బోధకుడూ ప్రధానుడూ ఒక్కరే. ఆ ఒక్కరికి తోడు నిలవవలసిన బాధ్యత మండల విద్యాధికారిది.

చాలా ఏళ్ల తరువాత కొన్ని నెలలపాటు నేను ఇన్‌చార్జి ప్రిన్సిపాలుగా ఉండవలసి వచ్చింది. మొదటి పదిహేను రోజులలో నేను చేసిన పనల్లా సర్క్యులర్ పుస్తకంలో ఆజ్ఞలు వ్రాసి సంతకాలు చేయించడం. నా మొదటి ప్రధానోపాధ్యాయునికన్నా భిన్నంగా నేనేమీ ప్రవర్తించలేదు. ఒకనాడు మా కొత్త అర్థశాస్త్ర అధ్యాపకుడు సర్క్యులర్ మీద సంతకం చేస్తూ, “ఈ వారంలో ఇది నాలుగోసారి సార్” అన్నాడు, తల ఎత్తకుండానే. సెలవులో ఉన్నవారి తరగతులకు అతణ్ణి పంపడం గురించి ఆ మాట. ఆ సాయంకాలం బీరువాలో వెదికి, సగం వాడిన హాజరుపట్టీ ఒకటి బయటికి తీసి, గీతలు గీయడానికి స్కేలు తెమ్మని అటెండరును పంపాను.