సముద్రము విడిచిపోయిన ద్వీపము

భూగోళమును చరిత్రమును మనము వేర్వేరు పుస్తకములలో చదువుచున్నాము. కాని కొన్ని గ్రామములను గూర్చి యెరుగవలెనన్న, ఒకదానిని విడిచి రెండవదానిని గ్రహింప వీలులేదు. నెదర్లాండ్సు దేశమందలి స్ఖోక్లాండు అట్టిది.

పూర్వము ఆ తావు విశాలమైన చిత్తడినేల. రెల్లు, నాచు మొదలగునవి వేలకొలది సంవత్సరములు నీటిలో సగము క్రుళ్లి పేరుకొనుటచే అది యేర్పడెను. అట్టి నేలకు పీటు అని పేరు. మధ్యయుగములలో రైతులు వచ్చి, కాలువలు త్రవ్వి, నీటిని తీసివేసి సేద్యము చేసిరి. ఇచ్చటనే చిక్కు గలదు. పీటు నీటితో నిండియున్నంతవరకే తన యెత్తును నిలుపుకొనును. నీరు తీసినచో ఎండి కుదించుకొనిపోవును. గాలి సోకి క్రమముగా నశించును. కావున ఆ రైతులు ఎంత శ్రమించి సాగుచేసిరో, నేల అంతగా క్రుంగెను.

అంతట జోయిడర్ జీ అను ఉప్పునీటి అఖాతము నేలను కోసికొనుచు వచ్చెను. ప్రజలు మట్టిదిబ్బలు పోసి వానిపై ఇండ్లు కట్టుకొనిరి. తుదకు మిగిలినది సుమారు 4 కిలోమీటర్ల పొడవుగల సన్నని ద్వీపము. ఉత్తరమున ఎమ్మెలోర్డు, దక్షిణమున ఎన్స్ అను పల్లెలుండెను. పొలములు పోగా జనులు చేపలు పట్టి జీవించిరి. 1825వ సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చిన ఉప్పెన ఆ పల్లెలను ఘోరముగా దెబ్బతీసెను. పేదరికము పెరిగెను, కట్టల రక్షణవ్యయము భారమయ్యెను. 1859లో మూడవ విలియము రాజు ప్రభుత్వము ద్వీపమును ఖాళీచేయించెను. సుమారు 650 మంది తమ యిండ్లను విడిచి, కాంపెన్ మొదలగు ఊళ్లకు తరలిపోయిరి.

కథ ఇంతటితో ముగియలేదు. 1916లో మరియొక గొప్ప ఉప్పెన దేశమును కలచివేసెను. కార్నేలిస్ లేలీ అను ఇంజనీరు సిద్ధపరచిన పథకము ననుసరించి, 1918లో శాసనము చేయబడెను. 1932లో 32 కిలోమీటర్ల పొడవుగల ఆనకట్ట అఖాతము ముఖమును మూసెను. లోపలి జలము నదులనీటిచే మంచినీటి సరస్సయ్యెను. అందొక భాగమునకు చుట్టును గట్టు వేసి, నీటిని తోడివేయగా, 1942లో సుమారు 48,000 హెక్టారుల భూమి వెలువడెను. దాని నడుమ స్ఖోక్లాండు పొలములలో మెరకవలె నిలిచినది. ఓడలు తిరిగినచోట నాగళ్లు దున్ననారంభింపగా, మునిగిన ఓడల శిథిలములు బయల్పడెను. క్రొత్తగా వెలసిన ఊళ్లు రెంటికి ఎమ్మెలోర్డు, ఎన్స్ అను పాత పేర్లే పెట్టబడినవి.

ద్వీపముపై 1834లో కట్టిన దేవాలయము నేటికిని నిలిచియున్నది. 1995లో యునెస్కో ఈ తావును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను; ఆ దేశమునుండి చేరిన మొదటి స్థలమిదియే.

అయినను పాత చిక్కు తీరలేదు. చుట్టుప్రక్కల నీరు తీసివేయబడుటచే, దిగువనున్న పీటు మరల ఎండి, స్ఖోక్లాండు ఇంకను క్రుంగనారంభించెను. అందుచే తూర్పుప్రక్కన కొంత భూమిని సేద్యమునుండి తప్పించి, తడిగా నుంచుచున్నారు. సముద్రమును గెలిచిన జనులు ఆ నేలను కాపాడుటకు నీటినే మరల పిలువవలసి వచ్చినది. నీటిని తొలగించు విద్య గొప్పదే. ఎంత తొలగించవలెనో, ఎంత యుంచవలెనో యెరుగుట అంతకంటె గొప్ప విద్య.