టైమ్ లేని పోలి పెట్టిన దీపం

కార్తీక మాసం రాగానే మన వయసు వాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "చేయాలనే ఉంది, కానీ టైమ్ ఎక్కడిది?" నిజమే. తెల్లవారుజామున నదీస్నానం, సోమవారం ఉపవాసం, రోజూ గుడి... రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్లకి ఇవన్నీ కష్టమే. కానీ ఈ మాసం చివర్లో మన ఇళ్లలో చెప్పుకునే కథ, అచ్చంగా టైమ్ లేని ఒక కోడలి కథ అని గమనించారా?

పోలి ఇంటికి చిన్న కోడలు. అత్తగారు మిగతా కోడళ్లని వెంటబెట్టుకుని నదికి వెళ్లి దీపాలు పెట్టేది. ఇంటి చాకిరీ అంతా పోలికే. దీపం సామాన్లు కూడా దొరక్కుండా చేసి వెళ్లేదట! పోలి ఏం చేసింది? పెరట్లో పత్తి తీసి వత్తి చేసుకుంది. కవ్వానికి అంటుకున్న వెన్న దానికి రాసింది. దీపం వెలిగించి, ఎవరికీ కనబడకుండా పైన బుట్ట బోర్లించింది. మళ్లీ పనిలో పడింది. నెలంతా ఇంతే. చివరికి స్వర్గం నుంచి విమానం వచ్చింది పోలి కోసం, నదికి వెళ్లినవాళ్ల కోసం కాదు.

నాకైతే ఈ కథలో బాగా నచ్చేది ఆ బుట్ట. పోలి దీపాన్ని చూసినవాళ్లే లేరు. మనం దీపం పెట్టగానే చేసే మొదటి పని స్టోరీ పెట్టడం! దేవుడి కంటే ముందు ఫాలోవర్లకి దర్శనం అయిపోతుంది.

అందుకే ఈ నెల ఇలా చేసి చూడండి. సూర్యాస్తమయ వేళ, అంటే ప్రదోషకాలంలో, దీపం పెట్టడం మంచిదంటారు. అప్పుడు ట్రాఫిక్‌లో ఉంటే, ఇంటికొచ్చి కాళ్లు చేతులు కడుక్కుని పెట్టండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెడితే చాలదు, చెయ్యి దానంతట అదే వెళ్తుంది. ఐదు నిమిషాలు దీపం ముందు కూర్చుని మనసులో "ఓం నమః శివాయ" అనుకోండి. మొదట్లో ఆఫీసు గొడవలే గుర్తొస్తాయి. రానివ్వండి, లేవకండి. హాస్టల్లో మంట పెట్టనివ్వరా? దీపం లేకుండానే అదే చోట, అదే టైమ్‌కి కూర్చోండి.

"పౌర్ణమికి 365 వత్తులు వెలిగిస్తే ఏడాది లెక్క సరిపోతుంది కదా?" అంటారు కొందరు. వెలిగించండి, మంచిదే. కానీ రోజూ కదలకుండా కూర్చుంటే మెల్లగా పైకి తేలేవి కొన్ని ఉంటాయి. అమ్మని విసుక్కున్న మాట, మాట్లాడటం మానేసిన స్నేహితుడు... అవి ఒక్క రాత్రిలో తేలవు.

కార్తీక అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి. తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు నీళ్లలో వదులుతారు. నది దగ్గర్లో లేకపోతే వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి వదలండి. థర్మోకోల్ దొప్పలు మాత్రం వద్దు.