ఎల్ఎస్3 ఇంజిన్‌లో టిక్‌టిక్: లిఫ్టర్ పోయిందని ఎలా తేల్చుకోవాలి?

పాత బుల్లెట్ బండి టకటకలాడితే "టాపెట్ సెట్టింగ్ చేయించు, పోతుంది" అనేస్తాం. అమెరికాలో సెకండ్ హ్యాండ్ కొర్వెట్టో కమారోనో కొన్న మనవాళ్లకూ బానెట్ కింద శబ్దం వినగానే తట్టేది ఈ మాటే. ఆ కార్లలోని షెవ్రొలే ఎల్ఎస్3 వి8 ఇంజిన్‌లో సెట్ చేయడానికి అసలు స్క్రూయే లేదు. రాకర్ బోల్టును 22 పౌండ్-అడుగుల టార్క్‌కు బిగించడం వరకే మన పని. సందు లేకుండా చూసుకునేది హైడ్రాలిక్ లిఫ్టరే. దాన్ని మార్చాలంటే సిలిండర్ హెడ్ ఊడదీయాలి. అందుకే పైసా ఖర్చులేని పరీక్షలన్నీ ముందు ముగించండి.

లిఫ్టర్ పనితీరు కొంచెం తెలిస్తే మిగతాది సులువు. అది క్యామ్ మీద దొర్లే చిన్న రోలర్ ఉన్న స్టీలు గొట్టం. లోపల ఒక ప్లంజర్, దాని కింద ఆయిల్ గది, ఆయిల్ వెనక్కి పోకుండా ఒక చెక్ వాల్వ్. ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ ఆ గదిని నింపి ప్లంజర్‌ను పైకి నెడుతుంది. పుష్‌రాడ్‌కూ రాకర్‌కూ మధ్య సందు మిగలదు. ఆయిల్ చాలకపోయినా, ఆయిల్‌లో గాలి కలిసినా, చెక్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కున్నా సందు వస్తుంది. టిక్‌టిక్ మొదలవుతుంది.

మొదట వినండి. క్యామ్ క్రాంక్ కన్నా సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి, ఐడిల్ 600 ఆర్‌పీఎం ఉంటే చెడిన ఒక్క లిఫ్టర్ సెకనుకు 5 సార్లు కొడుతుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతే శబ్దం బరువుగా, సెకనుకు 10 సార్లు వస్తుంది. చెవితో లెక్క అందకపోతే ఏదో ఒక ప్లగ్ వైరుకు టైమింగ్ లైట్ తగిలించండి. ఈ ఇంజిన్‌లో ప్రతి ప్లగ్ రెండు చుట్లకు ఒకసారే వెలుగుతుంది. వెలుగూ టిక్కూ ఒకే లయలో నడిస్తే గొడవ పైభాగంలోదే. అయితే ఎగ్జాస్ట్ లీకు లయ కూడా ఇదే! మ్యానిఫోల్డ్ బోల్టు విరిగితే, చల్లటి ఇంజిన్‌లో అచ్చం లిఫ్టర్‌లాగే టిక్కుమని, లోహం వేడెక్కి వ్యాకోచించాక మాయమవుతుంది. గాస్కెట్ అంచున నల్లటి మసి చార కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇంజెక్టర్లు కూడా టిక్కుమంటాయి కానీ అది పలచటి శబ్దం. మెకానిక్ స్టెతస్కోప్ ఆనిస్తే తెలిసిపోతుంది. బెల్టు దగ్గర చేతులు జాగ్రత్త.

తర్వాత ఆయిల్. డిప్‌స్టిక్ చూడండి. తక్కువైనా తప్పే, మరీ ఎక్కువైనా క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. డాష్‌బోర్డు మీటరును నమ్మకుండా మెకానికల్ గేజ్ పెట్టి, ఇంజిన్ వేడెక్కాక చదవండి. కంపెనీ చెప్పే కనీస ప్రెషర్ 1000 ఆర్‌పీఎం దగ్గర 6 పీఎస్ఐ, 2000 దగ్గర 18, 4000 దగ్గర 24. అది బొటాబొటి లెక్క. ఆరోగ్యమైన ఇంజిన్ అంతకన్నా బాగా ఎక్కువే చూపిస్తుంది. ప్రెషర్ తక్కువుంటే లిఫ్టర్లను తిట్టకముందు ఆయిల్ పికప్ ట్యూబు దగ్గరి చిన్న రబ్బరు ఓ-రింగును అనుమానించండి. అది గట్టిపడినా చిరిగినా పంపు ఆయిల్‌తోపాటు గాలి కూడా పీలుస్తుంది. పదహారు లిఫ్టర్లూ ఒకేసారి గోల చేస్తున్నాయంటే నా ఓటు దీనికే.

స్కానర్ పెట్టడం మరవకండి. 2010 కమారో ఎస్‌ఎస్ మాన్యువల్ గేర్ కారులో ఎల్ఎస్3 ఉంటే, ఆటోమేటిక్‌లో ఎల్99 ఉంటుంది. ఎల్99 పెట్రోలు పొదుపు కోసం 1, 4, 6, 7 సిలిండర్లను ఆపేస్తుంది, వాటికి ప్రత్యేకమైన లిఫ్టర్లు ఉంటాయి. మిస్‌ఫైర్ కోడ్ ఆ నాలుగింటిలో ఒకదాన్ని చూపిస్తే అనుమానం బలపడినట్టే.

అప్పటికీ తేలకపోతే వాల్వ్ కవర్ విప్పండి. ఒక్కో సిలిండర్‌ను కంప్రెషన్ టీడీసీకి తెచ్చి, రాకర్‌ను పుష్‌రాడ్ వైపు బొటనవేలితో గట్టిగా నొక్కండి. మంచి లిఫ్టర్ బిగుసుకుని ఉంటుంది, కుంగిపోయినది మెత్తగా దిగుతుంది. ఇంజిన్ ఆగినప్పుడు తెరిచి ఉన్న వాల్వు లిఫ్టర్ కొంత మెత్తబడటం సహజం, దానికి కంగారుపడొద్దు. రాకర్‌ను పక్కలకు ఊపి చూడండి. వదులుగా ఊగితే రాకర్ ఇరుసులోని సూది బేరింగులు పోతున్నాయి, లిఫ్టర్ తప్పేమీ లేదు. పుష్‌రాడ్‌ను తీసి అద్దం పలక మీద దొర్లించండి. వంగితే ఎగురుతూ దొర్లుతుంది. దాని రంధ్రంలోంచి వెలుతురు కనిపించాలి, రాకర్‌కు ఆయిల్ వెళ్లేది అందులోంచే. చివరగా డయల్ గేజ్ పెట్టి క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి వాల్వు ఎంత లేస్తుందో కొలవండి. కంపెనీ క్యామ్‌తో ఎల్ఎస్3 ఇన్‌టేక్ 0.551 అంగుళాలు, ఎగ్జాస్ట్ 0.522. అంకె కన్నా పక్క సిలిండర్‌తో తేడాయే ముఖ్యం.

క్యామ్ మార్చిన, హెడ్ చెక్కించిన ఇంజిన్ అయితే అసలు అనుమానం పుష్‌రాడ్ పొడవు మీద పెట్టుకోవాలి. కంపెనీది 7.400 అంగుళాలు. పొట్టిదైతే ఎప్పుడూ టిక్కే. పొడుగైతే ప్లంజర్ అడుగంటి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది. పొడవు మార్చుకోగల చెకింగ్ పుష్‌రాడ్‌తో కొలిచి, లిఫ్టర్ తయారీదారు చెప్పిన ప్రీలోడ్ వచ్చేలా కొనాలి. ఐడిల్‌లో చక్కగా ఉండి 6000 దాటాక తడబడుతుంటే వాల్వ్ స్ప్రింగులు బలహీనపడ్డాయేమో చూడండి. కొత్త లిఫ్టర్లు వేసినా ఆ జబ్బు పోదు.

వాడిన ఆయిల్ ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి అయస్కాంతం తిప్పండి. మెరుపు రజను అంటుకుంటే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. రోలర్ బేరింగో క్యామో అరుగుతోంది. హెడ్ విప్పాక చెడిన ఒక్క లిఫ్టర్‌తో సరిపెట్టకుండా పదహారూ, వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ ట్రేలూ మార్చండి. హెడ్ బోల్టులు ఒకసారి బిగించాక మళ్లీ పనికిరావు, గాస్కెట్లతోపాటు అవీ కొత్తవే కొనాలి.